పుస్తకంలో లేని సీను

2003 వేసవి. ఆదివారం పొద్దున్నే వరదప్ప గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని టీవీ ముందు కూర్చున్నాడు. పెళ్లాం రాసిన డిటెక్టివ్ నవల సీరియల్‌గా వస్తోందని హోసూరు బస్టాండు దాకా చాటింది ఆయనే. వంటింట్లో పచ్చయమ్మకు మాత్రం కాళ్లూ చేతులూ ఆడడం లేదు.

ఆయన రిటైరైన హెడ్ కానిస్టేబుల్. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బళ్లో చదివింది అరవం. తెలుగు అక్షరం ముక్క రాదు. ఆ ధైర్యంతోనే కుప్పం నుంచి కోడలిగా వచ్చిన పచ్చయమ్మ ఆ నవల రాసింది. అందులో సూళగిరి హెడ్ కానిస్టేబుల్ ఎంతటి దొంగనైనా పట్టేస్తాడు, తాగి ఇంటికొస్తే మాత్రం మనిషి కాడు. మొగుడు చదవలేడు సరే, చూడలేడా? టీవీ వాళ్లకు సంతకం పెట్టేటప్పుడు ఈ సంగతి తట్టలేదు మహాతల్లికి!

పోలీసు క్వార్టర్స్ కాలం నుంచీ పక్కిల్లే అయిన నంజమ్మ కూడా వచ్చి కూర్చుంది. తెర మీద హీరో సారా కాచేవాణ్ణి పట్టుకున్నాడు.

"అచ్చం నా మాదిరే ఉండాడు కదమ్మా!" వరదప్ప మురిసిపోయాడు.

తర్వాతి సీనులో హీరో తూలుతూ ఇంటికొచ్చాడు. సంగటి చల్లారిందని పళ్లెం విసిరికొట్టి, క్వార్టర్స్ అంతా చూస్తుండగా పెళ్లాం చెంప పగలగొట్టాడు.

"పాలు పొయ్యి మీద పెట్టి వచ్చినాను" అంటూ నంజమ్మ జారుకుంది.

"ఇది నన్నే కదే రాసినావు?" వరదప్ప వంటింటి గుమ్మంలో నిలబడ్డ పెళ్లాం వైపు తిరిగాడు. "నా పరువు తీసేదానికేనా? ఇంక పెన్ను ముట్టినావంటే చూడు!"

పచ్చయమ్మకు అన్నాళ్ల భయం ఒక్కసారిగా కోపమైంది. "ఆ పొద్దు క్వార్టర్సంతా చూసిందే, నా పరువు యాడ పోయింది? రాస్తాను. రాయకుంటే ఎప్పుడో చచ్చిపోయిండేదాన్ని!"

వరదప్ప విసురుగా లేచి టీవీ కట్టేయబోయాడు. తెర మీద హీరో పెళ్లాం ముందు కూలబడి, "తప్పు చేసినాను, మన్నించు" అని ఏడుస్తున్నాడు. వరదప్ప చెయ్యి స్విచ్చి మీదే ఆగిపోయింది.

"ఇదీ నువ్వే రాసినావా?"

"లేదు. సీరియల్ వాళ్లు కలిపినారు. హీరో మరీ అంత చెడ్డోడైతే జనం చూడరంట." పచ్చయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనెట్ల రాసేది? ఆ మాట నేను ఏ పొద్దూ వినలేదే."

వరదప్ప టీవీ కట్టేశాడు. వాకిట్లోకి వెళ్లాడు.

"నంజమ్మా!" పక్కింటి వైపు కేకేశాడు. "పాలు దించేసి ఒకసారి రామ్మా. ఆ పొద్దు నేను కొట్టింది నువ్వు చూసినావు. ఇప్పుడు చెప్పేది కూడా నువ్వు వినాల."