సాంచెలు ఆగిన క్షణం

"సేటూ, దుబాయ్ సెంటుందా?"

"సెంటు లేదు. సిరిసిల్ల చీరుంది."

కోడ్ సరిపోయింది. జగిత్యాల బస్టాండులో బట్టల సేటు వేషంలో కూర్చున్న ఏజెంట్ బాలకిషన్ పక్కన చీఫ్ చేరి, పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

"చమురు అమ్మేది డాలర్లకే. ఆ డాలరేమో రోజురోజుకీ పడిపోతోంది. ఇక వేరే కరెన్సీలకూ అమ్ముదామా అని ఎల్లుండి గల్ఫ్‌లో మంత్రుల మీటింగ్. అది తేలితే డాలర్లు పోగేసుకున్న ఒక విదేశీ ముఠా మునుగుతుంది. అందుకే హాలు పేల్చాలని చూస్తున్నారు. బాంబు ఇక్కణ్ణించే పోతోంది. రూబీని అడుగు."

రూబీ కోరుట్లలో వీసా ఏజెంట్. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్. ఇటు డిపార్ట్‌మెంటుకూ, అటు ముఠాకూ పనిచేసే మనిషి. బాలకిషన్ చొక్కా మడతలోని పాకెట్ రికార్డర్ ఆన్ చేసి ఆమె ఎదుట కూర్చున్నాడు.

"దాచను," అంది రూబీ నవ్వుతూ. "ఆ హాలు వెనక టీ గదిలో పనిచేసే శంకరయ్యది సిరిసిల్ల. రేపు తిరిగి వెళ్తున్నాడు. రోజూ ఆ గదిలో భార్య గొంతు క్యాసెట్‌లో వింటాడు. పొద్దున్నే కొత్త టేప్ రికార్డర్ బహుమతిగా ఇచ్చాను. ప్లగ్గు పెట్టి ఏ మీట నొక్కినా పేలుతుంది. ఎల్లుండి దాకా టైముంది. బేరం మాట్లాడుకుందాం."

బాలకిషన్ చివాలున లేచాడు. అలవాటైన యాస నోట్లోకి వచ్చేసింది.

"గా గొంతు క్యాసెట్ల ఎట్ల వడ్తదనుకున్నవ్? గల్ఫుకు పోయేటోడు ఇంటామె మాటలు నింపుకొనే పోతడు. ఇయ్యాల్నే నింపుతరు."

రూబీ కళ్లద్దాలు తీసింది. ఆ సంగతి ఆమె ప్లాన్‌లో లేదు.

జీపు దూసుకుపోయింది. దారిలో చెక్‌పోస్టు. కల్లోలిత ప్రాంతమని ప్రకటించిన దగ్గర్నుంచీ ప్రతి బండీ సోదా చేస్తున్నారు.

"సేటువైతే పిస్తోలెందుకుర?"

"సీక్రెట్ ఏజెంటును."

"అన్నలు గిట్ల గూడ చెప్తున్నరా," అన్నాడు జమేదారు. వైర్‌లెస్‌లో జవాబొచ్చేదాకా జీపు కదలనివ్వలేదు.

సిరిసిల్ల సందులో సాంచెలు దడదడలాడుతున్నాయి. ఈ కరెంటు మగ్గాల మోతలో అతని కేక అతనికే వినపడలేదు.

లోపల శంకరయ్య భార్య రాధమ్మ ఎర్ర మీట మీద వేలు పెట్టుకుని కూర్చుంది. ప్లగ్గు గోడకుంది.

"మాట్లాడవేందే?" అన్నాడు శంకరయ్య ఆమె చెవి దగ్గర.

"పోయినసారి నింపింది మొత్తం సాంచెల మోతేనాయె. పక్కింటి ఆనందం కాక సాంచెలు బంద్ జేస్తనన్నడు, ఆగు."

దూరం నుంచే కిటికీలోంచి ఆ వేలు కనిపించగానే బాలకిషన్‌కు అర్థమైంది. మోత ఉన్నంతసేపే ఆ ఇంట్లో ప్రాణాలుంటాయి. పరుగెత్తాడు.

అంతలో సాంచెలు ఆగిపోయాయి.

నిశ్శబ్దం. రాధమ్మ వేలు కదిలింది. కిటికీలోంచి చెయ్యి దూర్చి బాలకిషన్ వైరు లాగాడు. మీట టక్కుమంది. అంతే.

"ఎవలయ్య నువ్వు? పొద్దట్నించి బతిమిలాడితే ఇప్పుడు బంద్ జేసిండు," అంది రాధమ్మ మండిపడుతూ.

అతను రికార్డర్ విప్పి లోపలున్నది చూపించాడు. ఆమె మొగుణ్ణి వెనక్కి లాగింది. "మరి గీయన ఆడ ఏం ఇనాలె? రెండేండ్లు," అంది.

పక్కింట్లోంచి ఆనందం అరిచాడు. "అయిందా బిడ్డా? సాంచెలు నడుపుతున్న."

"జర ఆగు కాకా," అన్నాడు బాలకిషన్. పాకెట్ రికార్డర్ తీసి, క్యాసెట్ మొదటికి తిప్పి ఆమె చేతిలో పెట్టాడు. అందులో రూబీ ఒప్పుకోలుంది. ఆ సంగతి చెప్పలేదు.

మొగుడు ఎదురుగానే ఉన్నా రాధమ్మ గోడవైపు తిరిగింది. "ఇగో, ఇంటున్నవా? యాళ్లకు తిను..."

రెండ్రోజుల తర్వాత గల్ఫ్‌లో మంత్రులు చాయ్ తాగుతూ వాదించుకుని ఏమీ తేల్చకుండా లేచిపోయారు. డాలరు ఏ బాంబూ అక్కర్లేకుండానే ఇంకా పడింది. రూబీ మీద కేసు నిలవలేదు.

"ఆమె ఒప్పుకున్న టేపేది?" అని చీఫ్ గుడ్లురిమాడు.

"టీ గదిలో మోగుతోంది, సార్."