మేడ మీద మల్లెలు

"తలుపు వెయ్యవే మార్తా! బిడ్డ ఏడుపు పైకి వినపడుతోంది... ఆవిడ మళ్ళీ మెట్ల దగ్గరికి వచ్చేస్తుంది!"

అత్తగారు అమలమ్మ కేకకు మార్త ఉలిక్కిపడింది. ఒళ్ళో డయానా పాలసీసాను రెండు చేతులతో తోసేసి, ముఖమంతా ఎర్రగా చేసుకుని గుక్కపట్టి ఏడుస్తోంది. పొద్దుటి నుంచి ఒక్క చుక్క మింగలేదు! బిడ్డను భుజాన వేసుకుని లేచి తలుపు మూయబోయింది మార్త. వరదలో నాని ఉబ్బిన తలుపు సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. ఆ సందులోంచి అడుగుల చప్పుడు వినిపించింది... మేడ గదిలోంచి మెల్లగా మెట్ల దాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది. ఎప్పుడూ అంతే. దిగదు... పిలవదు... డయానా ఏడ్చినంత సేపూ మెట్ల పైన ఒక మనిషి ఊపిరి బిగబట్టుకుని నిలబడి ఉంటుంది!

ఆ మనిషి శ్రీదుర్గ. బందరు అవతల సముద్రపు ఒడ్డు నుంచి వచ్చి, సింగ్ నగర్‌లో ఈ ఇంటి మేడ మీద గదిలో అద్దెకుంటున్న చేపల వ్యాపారి గంగాప్రసాద్ భార్య. వరద తీసిన కొద్ది రోజులకే ఆమె పసికందు నిమ్ము చేసి ఆసుపత్రిలో పోయాడు. తొలిచూలు కొడుకు... ఇంకా బారసాల కూడా కాలేదు!

ఆ తల్లి ముఖం చూడాలంటే మార్తకు వణుకు. అత్తగారికైతే దిష్టి భయం. "పిల్ల పోయిన కడుపు, పచ్చని పిల్లని చూస్తే ఎవరికైనా కళ్ళు కుట్టవా?" అంటుంది. కానీ మార్త భయం వేరు. అది ఎవరికీ చెప్పుకునేది కాదు.

బుడమేరు పొంగి ఇళ్ళ మీద పడిన ఆ ఆదివారం ఆమె భర్త యేసుకుమార్ ఆటో కిరాయికి హనుమాన్ జంక్షన్ వెళ్ళి అవతలే చిక్కుకుపోయాడు. నీళ్ళు నడుము దాటేసరికి ఇంకో దారి లేక అత్తాకోడళ్ళు బిడ్డనెత్తుకుని శ్రీదుర్గ గదికి ఎక్కారు. బాలింతగా ఉండగానే కామెర్లు వచ్చి మార్తకు పాలు ఎండిపోయాయి. డయానా డబ్బా పాల మీదే బతుకుతోంది. ఆ డబ్బా కాస్తా నీళ్ళలో కొట్టుకుపోయింది! కరెంటు లేదు, పాలప్యాకెట్టు లేదు, పడవల వాళ్ళు ఆ సందులోకి రాలేకపోయారు. ఆకలికి డయానా ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, చివరికి మూలుగు కూడా ఆగిపోతుంటే... శ్రీదుర్గ ఏమీ మాట్లాడకుండా చేతులు చాచింది. ఒక పక్క తన కొడుకు, ఒక పక్క డయానా. జ్వరంతో పక్కనే పడి ఉన్న మార్తకు ఆ గదిలో రెండు గుటకల చప్పుడు వినిపించేది. ఒకటి పెద్దది, ఆబగా... అది డయానాది. ఇంకొకటి చిన్నది, పిట్ట నీళ్ళు తాగినట్టు.

ఆ చిన్న గుటక ఇప్పుడు లేదు. లేకపోయినా మార్తకు వినిపిస్తూనే ఉంది! అంట్లు తోముతుంటే వినిపిస్తుంది, ప్రార్థనకు కళ్ళు మూసుకుంటే వినిపిస్తుంది. బుగ్గలూరిన డయానాను చూసి ఎవరైనా "బొద్దుగా ఉందే!" అంటే చప్పున బిడ్డ మీద కొంగు కప్పేస్తుంది. ఆ పిల్లాడి వాటా నా కూతురు తాగేసిందా...? తిండీ నీళ్ళూ లేక ఎండిన ఆ తల్లి దగ్గర ఇద్దరికి సరిపడా పాలెక్కడివి...? ఒక్కటే ప్రశ్న. అడిగితే జవాబు వస్తుందేమోనన్న భయంతోనే మేడ మెట్లు ఎక్కడం మానేసింది.

మంచినీళ్ళ ట్యాంకరు దగ్గర మాత్రం ఊళ్ళో వాళ్ళకు వేరే కబురు దొరికింది.

"మేడ మీద ఆవిడ రోజూ మల్లెపూలు తెప్పించుకుంటోందంట! ఈ కాలంలో మల్లెలు దొరకడమే గగనం!" బిందె కడుగుతూ అంది ఎదురింటి తెరేసమ్మ.

"కొడుకును మట్టిలో పెట్టి ఎన్నాళ్ళయిందనీ... కడుపుకోత అంటే ఇదేనా?"

"మొగుడు కూడా అలాంటోడే. చేపల వాసన పోవడానికేమోలే!"

అందరూ నవ్వారు. మార్త నవ్వలేదు, కానీ ఇంటికి వస్తుంటే గుండెల మీద బరువు కాస్త దిగినట్టనిపించింది. అంటే ఆవిడ మరిచిపోయిందన్నమాట! పూలు ముడుచుకునే మనిషికి ఇంక నా మీద కోపమెందుకుంటుంది...? ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా దాన్ని వదల్లేదు, వరదలో దుంగను పట్టుకున్నట్టు పట్టుకుంది.

ఇవాళ ఇక్కడ డయానా ఇలా ఏడుస్తుండగానే పూల అంకాలమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని మేడ దిగి వచ్చింది. ఆమె వెంట మల్లెల వాసన గుప్పున ఇంట్లోకి దూసుకొచ్చింది. ఏడుపూ, ఆకలీ, ఆ వాసనా అన్నీ కలిసి మార్తకు తల తిరిగిపోయింది.

"అంకాలమ్మత్తా! చావు జరిగిన ఇంటికి రోజూ మల్లెలు మోస్తున్నావే, నీకైనా సిగ్గు లేదా? ఆవిడకెలాగూ లేదు!" అనేసింది గట్టిగా. పైకి వినపడాలనే అంది!

మెట్ల పైన గాజులు ఒక్కసారి గలగలమన్నాయి. తర్వాత గది తలుపు మూసుకున్న చప్పుడు.

అంకాలమ్మ బుట్ట దించింది. "నోరు మూసుకో పిల్లా! ఆ తల్లి తలలో ఒక్క పువ్వు చూశావా నువ్వు? తలలోకి కాదే... రొమ్ముకి కట్టుకోడానికి! పాలు ఆగాలని!"

ఏడుస్తున్న డయానాను మార్త ఇంకో భుజానికి మార్చుకుంది.

"బిడ్డ పోయినా పాలు పోలేదమ్మా ఆవిడకి. ఎలా పోతాయి? కింద నీ కూతురు ఏడ్చినప్పుడల్లా చేపుకొస్తున్నాయంట! రవికలు తడిసిపోయి, గడ్డలు కట్టి, జ్వరమొచ్చి అల్లాడిపోతోంది. కాళ్ళు వాటంతటవే మెట్ల దాకా వచ్చేస్తాయంట, దిగితే మీరేమనుకుంటారోనని అక్కడే ఆగిపోతుందంట. ఇంక ఈ ఏడుపు వినలేనని సాయంత్రం బస్సుకి వాళ్ళ ఊరు పోతున్నారు. ఇవాళ్టితో సరి!"

అమలమ్మ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయింది. "నాకు తట్టలేదేమే మార్తా... నాకు తట్టలేదే! మీ ఆయన తర్వాతి వాడు పురిట్లోనే పోతే మా అమ్మ నాకూ ఇలాగే మల్లెలు కట్టింది. అన్నీ పడ్డదాన్ని... నాకెందుకు తట్టలేదే!"

ఇంట్లో ఇంకో బిడ్డ పుట్టి పోయాడన్న సంగతే మార్తకు ఇంతవరకూ తెలియదు. ఆమె అత్తగారిని చూసింది, మెట్ల వైపు చూసింది. డయానాను గుండెకు హత్తుకుని పైకి పరిగెత్తింది.

గది నిండా మూటలు. గంగాప్రసాద్ ఒక మూటకు తాడు బిగిస్తున్నవాడు కాస్తా లేచి నిలబడ్డాడు. శ్రీదుర్గ గోడవైపు తిరిగి, చీర కొంగు భుజాల నిండా కప్పుకుని కూర్చుని ఉంది. ఎంత చిక్కిపోయిందో! మార్త ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది.

"నన్ను క్షమించక్కా... నోటికొచ్చినట్టు అన్నాను..."

"దానికేంలే మార్తా. ఊరంతా అంటోందిగా, నువ్వూ ఒక మాటన్నావు. బిడ్డని అంతసేపు ఏడిపించకూడదు తల్లీ... ఇలా ఇవ్వు."

మార్త ఇవ్వలేదు. ఇన్నాళ్ళూ గొంతులో ముల్లులా గుచ్చుకుంటున్న మాట అప్పుడు బయటపడింది. "అక్కా... మీ బాబు పాలు నా కూతురు తాగేసిందా? అందుకేనా బాబు...?"

శ్రీదుర్గ మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసింది.

"పిచ్చిదానా! ఇదా నిన్ను తినేస్తోంది? ఆ రోజుల్లో వాడసలు రొమ్మే పట్టలేదే! ఒంట్లో బాగోక మొహం తిప్పేసేవాడు. పాలు గడ్డకట్టి నేను చస్తుంటే నీ కూతురే తాగి నన్ను కాపాడింది. వాడి వాటా ఎవరూ తాగలేదు... నమ్ము!"

గంగాప్రసాద్ చప్పున గోడవైపు తిరిగిపోయాడు. అతని వీపు కదులుతోంది.

కానీ వరదనాడు మార్త వింది. ఆ గదిలో, చేతికందే దూరంలో పడుకుని, ఆ చిన్న గుటకలు తన చెవులతో తను విన్నది! 'నేను విన్నానక్కా...' అన్న మాట పెదవుల దాకా వచ్చింది. శ్రీదుర్గ కళ్ళు ఆ మాట అనొద్దని బతిమాలుతున్నాయి. ఆనాడు బిడ్డకు పాలిచ్చిన మనిషి, ఇవాళ బిడ్డ తల్లికి ఈ అబద్ధం ఇస్తోంది... కాదనడానికి తనెవరు?

"అలాగా అక్కా..." అంది మార్త. అని డయానాను ఆమె చేతుల్లో పెట్టింది.

అలవాటైన ఒడి తెలిసిన బిడ్డ వెంటనే కొంగు వెతుక్కుంటూ తల దూర్చింది. శ్రీదుర్గ పంటి బిగువున నొప్పి ఓర్చుకుంటూ బిడ్డను మెల్లగా బయటి వైపు తిప్పి కూర్చోబెట్టుకుంది. "వద్దమ్మా... ఇప్పుడు మళ్ళీ మొదలైతే నేను పోలేను..."

గుమ్మంలో ఆయాసపడుతూ అమలమ్మ ప్రత్యక్షమైంది. చేతిలో సీసా. "ఇదిగో, బిడ్డనెత్తుకుని పరుగెత్తడం తెలుసు గానీ సీసా తెచ్చుకోవడం తెలీదు నా కోడలికి! నువ్వే పట్టమ్మా దుర్గా. నీ చేత్తో అయితే తాగుద్ది." అని ఆమె పక్కనే చతికిలబడి, సొంత కూతురికి చేసినట్టు జుట్టు వెనక్కి దువ్వింది.

డయానా ఒకసారి మొహం చిట్లించి, తల వెనక్కి వాల్చి శ్రీదుర్గ ముఖం వైపే చూస్తూ తాగడం మొదలుపెట్టింది.

ఆ పసివాణ్ణి ఆ ఇంట్లో అందరూ 'బాబు' అనే పిలిచారు. అంతకు మించి ఎవరూ అడగలేదు. మార్త అడిగింది.

"బాబుకి ఏం పేరు అనుకున్నారక్కా?"

శ్రీదుర్గ బిడ్డ నోట్లోని సీసాను కాస్త సర్దింది.

"మా మామగారి పేరు పెడదామన్నారు ఈయన... సూరయ్య అని. నేనే ఒప్పుకోలేదు. పసిగుడ్డుకి ఆ ముసలి పేరేంటండీ అని పురిటి మంచం మీద నుంచే పోట్లాడాను మార్తా... ఆ పేరైనా లేకుండా పంపేశాను వాణ్ణి..."