నాలుగో రేకు

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో, పూతలపట్టు దాటాక, ఎడమచేతి పక్క ఒక మట్టిదారి పాత కంకర క్వారీ దాకా పోతుంది. ఇప్పుడక్కడ రాయి కొట్టేవాళ్లు లేరు. ఆదివారాల్లో పదిమంది చేరి గురి సాధన చేసుకునే చిన్న రైఫిల్ క్లబ్బు మాత్రం ఉంది. కార్తీకమాసంలో తుంపర పడుతున్న ఒక సాయంత్రం, అందరూ వెళ్లిపోయాక, అక్కడ ఇద్దరు మిగిలారు. ఒకరు డెబ్బై ఆరేళ్ల దొరస్వామి, ఫిజిక్స్ లెక్చరరుగా రిటైరైనవాడు. ఇంకొకరు ఆయన మనవరాలు లోహిత, రాష్ట్ర పోటీలకు తయారవుతున్న పిల్ల.

ఆ పిల్ల కోసమే ఆయన నాలుగు నెలలు కూర్చుని ఒక మిషను చేశాడు. యాభై గజాల అవతల మట్టికట్ట, దాని వెనక మనిషి లోతు పాత గుంత. గుంత అంచున ఆరు ఇనుపరేకులు. ఒక్కో రేకును ఒక్కో వైపర్ మోటారు లేపుతుంది. మోటార్లు నగరిలో పాత లారీలు విప్పే కొట్లో దొరికాయి. ఆ కొట్టు యజమాని దొరస్వామి శిష్యుడే. ఫిజిక్సులో మూడుసార్లు తప్పి, తర్వాత బాగుపడ్డాడు. అది వేరే కథ. రిమోటు నొక్కితే ఆరింటిలో ఏదో ఒక రేకు లేస్తుంది. ఏది లేస్తుందో కాల్చేవాళ్లకే కాదు, నొక్కేవాళ్లకు కూడా తెలియకూడదు. అదే అందులో కష్టం.

"మిషనుకు సొంతంగా ఏదో ఒకటి ఎంచుకోవడం రాదు పాపా," అని ఆయన గర్వంగానే చెప్పాడు. "అందుకే ఒక వైరు కొసను యాడా కలపకుండా గుంతలో వేలాడదీసినా. గాల్లో ఉండే అలికిడిని ఆ వైరు పట్టుకుంటాది. దాన్నుంచి మిషను ఒక అంకె తీసుకుంటాది."

"అంటే గుంతలో గాలి ఏ నంబరు చెప్తే అది లేస్తాదా?"

"అంతే."

లోహిత బోర్లా పడుకొని రైఫిలు భుజానికి ఆనించింది. దొరస్వామి రిమోటు నొక్కాడు. నాలుగో రేకు లేచింది. గుండు తగిలి ఠంగుమని పడింది. మళ్లీ నొక్కాడు. నాలుగు. మళ్లీ. నాలుగు.

"ఏంది తాతా, నీ గాలికి నాలుగు తప్ప అంకెలు రావా? ఇది కూడా నీ శిష్యుడేనా?"

ఇంకో రోజైతే ఆయన నవ్వేవాడు.

ముప్పై ఏడేళ్ల కిందట ఇదే క్వారీలో కాలేజీ పిల్లలకు రైఫిలు నేర్పే అదనపు పని ఆయన మీద ఉండేది. అప్పుడు మోటార్లెక్కడివి? అటెండరు చెంగయ్య గుంతలో కూర్చుని, గురిబోర్డులు చేతులతో ఎత్తేవాడు. గుండు తగిలితే, కొసన రేకుబిళ్ల కట్టిన వెదురుకర్రతో ఆ చోటు చూపించేవాడు. తగలకపోతే కర్రను అడ్డంగా రెండుసార్లు ఊపేవాడు. పైకి రావలసి వస్తే ముందు ఎర్రజెండా ఎత్తేవాడు. ఒకరోజు ఇలాగే తుంపర. పిల్లల్ని తీసుకుపోయే లారీవాడు వెనక హారన్ కొడుతున్నాడు. దొరస్వామి గుంత వైపు చూడకుండానే పిల్లలతో "కాల్చండి" అన్నాడు.

జెండా ఎత్తే ఉంది, నాలుగో బోర్డు పక్కన.

విచారణ కాగితం మీద ఆయన రెండు వాక్యాలు రాశాడు. చెంగయ్య తాగి ఉన్నాడు. జెండా ఎత్తకుండా పైకి వచ్చాడు. చెంగయ్య కల్లు కూడా ముట్టని మనిషి. కర్మలు అయిపోయాక అతని భార్య ఆనందమ్మ కాలేజీ గేటు దగ్గర నిలబడి ఒక్కటే అడిగింది. "మా ఆయన తాగినాడా సారూ?"

"అట్లనే చెప్తా ఉండారు కదమ్మా," అన్నాడు దొరస్వామి, చేతిగడియారం చూసుకుంటూ.

ఆనందమ్మతో అన్న ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్న భార్యకు కూడా.

లోహిత రైఫిల్లో గుళ్లు తీసేసి పక్కన పెట్టింది. "వైరు యాడన్నా తగులుకోని ఉండాదేమో, సూసొస్తా."

"వద్దులే పాపా, చీకటి పడతా ఉండాది."

"నువ్వు జెండా ఎత్తు చాలు."

ఆయనే ఎర్రజెండా ఎత్తాడు. ఎత్తాక మూడుసార్లు చూసుకున్నాడు. లోహిత తాతతో ఫోనులో మాట్లాడుతూనే కట్ట దాటి గుంతలోకి దిగింది. క్వారీలో వెలుతురు అడుగునుంచి తగ్గుతూ వచ్చింది. తడిసిన రాతిపొడి వాసన. ఫోనులో నీటిబొట్ల చప్పుడు, బురదలో ఆమె అడుగులు.

"బ్యాటరీ వైరు పీకేసినా తాతా. ఇంక ఏదీ లేవదు."

నాలుగో రేకు లేచింది.

మోటారు లేపితే ఎగిరినట్టు లేస్తుంది. ఇది నెమ్మదిగా లేచింది... రెండు చేతులతో ఎత్తినట్టు. లేచి నిలబడింది. తర్వాత అడ్డంగా ఊగింది. ఒకసారి... రెండోసారి. ఆ కీలు ఆయన చేతులతో బిగించిందే. పైకీ కిందికీ తప్ప పక్కకు కదలదు.

ఫోనులో ఎవరో ఊపిరి వదిలారు. పొడుగ్గా.

"తాతా..." లోహిత గుసగుసగా అంది. "ఈడ ఎవురో ఉండారు."

"ఎవురు?"

"మొహం కనపడలా. నా దగ్గరికొచ్చి ఊదతా ఉండాడు... వాసనొస్తాదేమో సూడమ్మా అంటా ఉండాడు..."

దొరస్వామి ఫోను నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "రాదు పాపా. చెంగయ్య తాగలేదు. జెండా ఎత్తే ఉండాడు. నేనే... సూడలేదు."

రేకు వాలిపోయింది. చప్పుడు లేకుండా.

లోహిత పైకి వచ్చింది. మోకాళ్ల దాకా బురద. వచ్చి, ఆయన ఎదురుగా నిలబడింది.

"జెండా అంటివే తాతా. ఏం జెండా? ఎవురు చెంగయ్య?"

అప్పుడు చెప్పి ఉండవచ్చు. సగం చెప్పేశాడు కూడా. కానీ ఈ పిల్ల ఎనిమిదో తరగతిలో, అబద్ధమాడని మనిషి అని తాత మీద వ్యాసం రాసి ఒక స్టీలు గ్లాసు బహుమతి తెచ్చుకుంది. ఈనాటికీ ఆయన ఆ గ్లాసులోనే కాఫీ తాగుతాడు.

"ఏంలేదులే. భయంలో ఏదో వాగినా. అప్పట్లో ఈడ ఒక తాగుబోతు ఉండేవాడు, వాడి పేరు."

లోహిత వెనక, గుంత అంచున, ఇనుము ఠంగుమంది. ఇద్దరూ అటు చూడలేదు.

కారు ఆయనే నడిపాడు. లోహిత పక్క సీట్లో కూర్చుంది. పూతలపట్టు కూడలిలో పోలీసులు బండ్లు ఆపుతున్నారు. టార్చి పట్టుకున్న కానిస్టేబులు వంగి, చిన్న మిషను ముందుకు చాపాడు.

"తప్పదు పెద్దాయనా. ఊదండి."

"నాకెందుకప్పా? పుట్టినాక చుక్క ముట్టలేదు." అయినా ఊదాడు.

మిషను కూసింది.

కానిస్టేబులు దాన్ని విదిలించి మళ్లీ పట్టాడు. మళ్లీ కూసింది. అతను కిటికీలోకి ముఖం పెట్టి, వెంటనే వెనక్కి తీసుకున్నాడు. "ఏం పెద్దాయనా, ఇంత కంపు కొడతా ఉండాది. ఆడపిల్లను కూర్చోబెట్టుకోని..." తర్వాత అవతలి సీటు వైపు టార్చి తిప్పాడు. "ఏం పాపా, తాగినాడా?"

దొరస్వామి మనవరాలి వైపు తిరిగాడు. పొద్దున్నుంచి ఆమె తన పక్కనే ఉంది. లేదు అంటే చాలు. ఒక్క మాట.

లోహిత ఎడమ మణికట్టు పైకెత్తి చూసుకుంది. దాని మీద గడియారం లేదు.

"అట్లనే చెప్తా ఉండారు కదమ్మా," అంది.