చైనుకి అందని ఆయిలు

తొంభై ఆరు నవంబరు తుఫాను వెళ్లిపోయి ఇరవై రోజులైంది. ఆ ఇరవై రోజులూ నేను చెట్లు కోసే మిషన్ల వెనకే తిరిగేను. అంతకుముందు రాజోలు సెంటర్లో ఆయిలింజన్లు, మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేసుకునేవాణ్ణి. తుఫానుకి కొబ్బరిచెట్లు దారులకి అడ్డంగా పడిపోతే, ఒక కంట్రాక్టరు ఎక్కడినుంచో రెండు రంపం మిషన్లు తెప్పించేడు. వాటిని నడపడానికి జగ్గయ్య బాబాయ్, బాగుచెయ్యడానికి నేను.

తెల్లారి మొదలుపెడితే దీపాలు పెట్టే వేళ దాకా కోతే. నా చేతులు నిద్రలో కూడా వణికేవి. అన్నం ముద్ద నోటికి చేరేలోపు సగం కంచంలోనే రాలిపోయేది. ఏ ఊళ్లో ఏం చూసేమో, ఎవరు ఏడ్చేరో గుర్తుపెట్టుకునే ఓపిక కూడా ఉండేది కాదు.

ఆ మిషనుకి ఒకటే పెద్ద జబ్బు. చైను తిరిగే పొడవాటి ఇనప పట్టీని బారు అంటారు. ట్యాంకులోని ఆయిలు చిన్న కన్నంలోంచి బారు గాడిలోకి వచ్చి చైనుని తడుపుతూ ఉండాలి. కొబ్బరి పొట్టు తడిగా, పీచుపీచుగా ఉంటుంది. అది ఆ కన్నంలో ఇరుక్కుందంటే ఆయిలు ఆగిపోతుంది. చైను ఎండిపోయి పొగ లేస్తుంది. తెగితే మొహాన్నే కొడుతుంది. రోజుకి నాలుగైదుసార్లు విప్పి, సైకిలు ఊచతో ఆ కన్నం పొడిచి, మళ్లీ బిగించేవాణ్ణి.

ఆ రోజు బుచ్చిరాజు గారి తోట పక్కనున్న పేటకి వెళ్లేం. ఇళ్లేమీ మిగల్లేదు. పేట చివర, పొలాలకి నీళ్లు పారే పంట బోదె మీద ఏడు చెట్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. మధ్యలోకి బురద కొట్టుకొచ్చి మేట వేసింది. మర్నాడు బుల్డోజరుతో బోదె పూడ్చేసి లారీలకి దారి చేస్తారని చెప్పేరు.

ఆ చెట్ల పక్కనే ఒకావిడ గోనెసంచి పరుచుకుని కూచుంది. పేరు దీనమ్మ. తుఫాను రాత్రి నీళ్లలో ఆవిడ కూతురు రెబెకా చెయ్యి జారిపోయింది. పదహారేళ్ల పిల్ల. పేటలో పోయినవాళ్లందరి శవాలూ దొరికేయి, ఆ పిల్లది తప్ప.

"రేపు పూడ్చేస్తారంట బాబూ. ఈ చెట్ల కింద ఒక్కసారి చూస్తే నా మనసు నిమ్మళిస్తాది," అంది.

"ఆయ్, చూద్దామండీ," అన్నాను. అప్పటికి ఆ మాట ఎంతమందికి చెప్పేనో.

పై చెట్లు ఆరూ మధ్యాహ్నం మూడింటికల్లా కోసేసేం. అడుగున ఒకటే మిగిలింది. సగం బురదలో కూరుకుపోయిన లావాటి మొద్దు. మబ్బు పట్టి ఉంది. కుళ్లిన కొబ్బరాకు వాసన, దాని వెనక ఇంకో వాసన. ఆ రోజుల్లో ఆ రెండో వాసన గురించి ఎవరమూ మాట్లాడుకునేవాళ్లం కాదు.

జగ్గయ్య బాబాయ్ మొద్దు మీద చైను పెట్టేడో లేదో పొగ లేచింది.

"ఆయిలు రావట్లేదు, ఆనందరావూ. చూడు."

విప్పేను. కన్నం శుభ్రంగానే ఉంది. అయినా ఊచ పెట్టి పొడిచేను. గాడిలో పొట్టు గీకేను. ట్యాంకులోని జల్లెడ పెట్రోలుతో కడిగేను. ట్యాంకు మూతకి గాలి ఆడే సన్నటి బెజ్జం ఉంటుంది, అదీ ఊదేను. నిండా ఆయిలు పోసి, బారు కొనని సిమెంటు బస్తా కాగితం మీదకి పట్టి ఇంజను తిప్పేను. కాగితం మీద చక్కగా ఆయిలు గీత పడింది.

"బావుంది బాబాయ్. కొయ్యండి."

మొద్దు మీద పెట్టేడు. పది లెక్కపెట్టేలోపు మళ్లీ పొగ. మూత తీసి చూస్తే ట్యాంకు ఖాళీ.

కారిందేమోనని నేల వెతికేను. ఒక్క చుక్క లేదు. కోత పడిన చోట వేలు పెట్టి చూసేను. కట్టెకి ఆయిలు జిడ్డే లేదు. మళ్లీ నింపేను. మళ్లీ అంతే. రెండో మిషను తెచ్చేం. అదీ అంతే. పక్కన కోసిన దుంగ మీద పెడితే రెండూ బంగారంలా పనిచేస్తున్నాయి. ఈ మొద్దు దగ్గరే...

డబ్బాలో అడుగున మిగిలిన ఆయిలంతా వంచేను. మిషను మొద్దు మీదే ఉంది. ఇంజను ఆపేసి ఉంది. మూత పెట్టబోతూ ట్యాంకులోకి చూసేను.

ఆయిలు దిగుతోంది.

ఇంజను తిరగనిదే పంపు తిరగదు. పంపు తిరగనిదే ఆయిలు కదలదు. అది కదులుతోంది. నెమ్మదిగా... ఆగి ఆగి... ఎవరో అరచేతిలోకి కొంచెం కొంచెంగా ఒంపుకుంటున్నట్టు.

బారు కిందకి చెయ్యి పెట్టేను, కారుతోందేమో చూద్దామని. వేళ్లకి ఆయిలు తగల్లేదు. చల్లగా, మెత్తగా ఇంకేదో తగిలి పక్కకి తప్పుకుంది.

"ఇంకొంచెం..."

చెయ్యి లాగేసుకున్నాను. జగ్గయ్య బాబాయ్ నా మొహంలోకే చూస్తున్నాడు.

"బాబాయ్... మీరేమన్నా అన్నారా?"

"నువ్వు అనలేదా?" అన్నాడు గొంతు తగ్గించి.

గాలి లేదు. ఎక్కడా కాకి కూడా అరవలేదు.

"సామాను సర్దు," అన్నాడు బాబాయ్. "ముప్ఫయ్యేళ్ల నుంచి కొయ్య కోస్తున్నాను. కొన్నిటి జోలికి వెళ్లకూడదు."

నాకూ వెళ్లిపోవాలనే ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే భయం కంటే అలసటే ఎక్కువ. వెళ్లిపోడానికి ఓ కారణం దొరికిందనిపించింది. స్పానర్లు సంచిలో వేస్తుంటే దీనమ్మ గారు లేచి వచ్చింది.

"ఏమైంది బాబూ?"

"ఆయిలు అయిపోయిందండీ."

అబద్ధం కాదు. కానీ ఆవిడ మొహం చూడలేకపోయేను. ఆవిడ తను తలదాచుకున్న గుడారం దాకా నడిచి వెళ్లి, సీసాతో కొబ్బరినూనె తెచ్చింది.

"ఇది పనికొస్తాదా?"

కొబ్బరినూనె పల్చన. ఎక్కువసేపు నిలవదు. కానీ ఒక్క కోతకి సరిపోతుంది. పనికిరాదని చెప్పడానికి నోరు రాలేదు. ట్యాంకులో పోసేను. బాబాయ్ నాకేసి ఒకసారి చూసి, తలపాగా బిగించి, ఇంజను తాడు లాగేడు.

పొగ రాలేదు. తడిసిన చైను అరటిబోదెలోకి దిగినట్టు మొద్దులోకి దిగింది. చుట్టూ వేడి కొబ్బరినూనె వాసన. రెండు కోతలు వేసి ఇంజను ఆపేడు. ట్యాంకు చూస్తే పోసిన నూనె పోసినట్టే ఉంది. ఇద్దరం చూసేం.

గునపాలు పెట్టి మొద్దు దొర్లించేం.

ఆ పిల్ల బోర్లా పడి ఉంది. ఇరవై రోజులు బురదలో ఉన్న మనిషి ఎలా ఉంటుందో అలాగే ఉంది, ఒక్క తల తప్ప. జుట్టుకి బురద అంటలేదు. నల్లగా, నిగనిగలాడుతూ, చక్కగా దువ్వి అల్లిన జడ నడుము దాకా ఉంది. నూనె ఓడుతోంది.

బాబాయ్ తలపాగా విప్పి కప్పేడు. దీనమ్మ గారు ఏడవలేదు. బోదెలోకి దిగి, ఎడమ పాదానికున్న ఆరో వేలు తడిమి చూసింది.

"మా రెబెకాయే," అంది.

పాస్టరు గారు సైకిలు మీద వచ్చేరు. కోసిన చెట్ల తాలూకు చెక్కలే పెట్టెగా కొట్టేం. దీపాలు పెట్టే వేళకి సమాధి చేసేం. మట్టి వేస్తూ వేస్తూ పార మీదే కాసేపు వాలిపోయేను.

వెళ్లేటప్పుడు దీనమ్మ గారు రోడ్డు దాకా వచ్చింది. ఏదో ఒక మంచిమాట చెప్పాలనిపించింది.

"పిల్లకి ఎంత మంచి జుట్టండీ. ఎంత శ్రద్ధగా పెంచేరో."

ఆవిడ నా మొహంలోకి చూసింది.

"అక్టోబరులో టైఫాయిడ్ వచ్చింది బాబూ దానికి. గుండు చేయించేం. తుఫాను నాటికి తల మీద అంగుళం జుట్టు కూడా లేదు."

జగ్గయ్య బాబాయ్ నడుస్తున్నవాడు ఆగిపోయేడు.

"కాలు దానిదే. గౌనూ దానిదే," అంది ఆవిడ. "మీరు మొద్దు దొర్లించినప్పుడు జడ నడుము దాకా ఉంది కదా. పెట్టెకి మూత వేసేటప్పుడు చూసేను. మోకాళ్లు దాటిపోయింది."