కొవ్వు తొట్టి

దెయ్యం కథ అనగానే అందరూ అమావాస్య, అర్ధరాత్రి అని ఎదురుచూస్తారు. నాది మధ్యాహ్నం కథ. పైన ఎండ పెళ్ళున కాస్తుండగా, వంటగది కింద జరిగింది. భోజనం చేసి వచ్చినవాళ్ళు కాస్త వెనక కూర్చోండి. ఇంకా చెయ్యనివాళ్ళు ఇది విన్నాక చేస్తారో లేదో ఆ దేవుడికే తెలియాలి. తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

నేనొక పెద్ద ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో గిన్నెలు తోమేవాళ్ళకి పెద్దదిక్కుని. పిన్ని అంటే నేనే. మేనేజరు గారి దగ్గర్నుంచి కూరగాయలు తరిగే పిల్లల దాకా అందరికీ పిన్నినే. మా ఆయన తమ్ముడు, అంటే మా మరిది, అదే క్యాంటీన్‌లో మోటార్లు చూసే మెకానిక్. నోరు విప్పితే వేళాకోళం. అతనొక్కడే నన్ను వదినా అని పిలిచేది.

వంటగది కింద ఒక గది ఉంది. అందులో కొవ్వు తొట్టి. తొట్టి అన్నాను కదా అని చిన్నది అనుకునేరు. మనిషి నిలువునా మునిగిపోతాడు. పైన సింకుల్లో పారబోసిన ప్రతి నీటిబొట్టూ అందులోకే పోతుంది. నీళ్ళు అడుక్కి దిగుతాయి, జిడ్డు పైకి తేలుతుంది. తేలిన జిడ్డు చల్లారి, పేరుకుని, పాత సబ్బు ముద్దలా గట్టిపడుతుంది. అడుగున ఒక మోటారు మునిగి ఉండి, ఆ నీళ్ళని బయట కాలవలోకి తోస్తూ ఉంటుంది. ఆ వాసన ముక్కుకి కాదండీ, నాలిక్కి తగులుతుంది. కిందకి దిగి వచ్చిన రోజు మంచినీళ్ళు తాగినా జిడ్డుగానే ఉంటాయి.

మా మరిది కంటే ముందు అక్కడ ఇంకో మెకానిక్ ఉండేవాడు. అప్పటికే తల నెరిసింది. గొంతు బొంగురుగా ఉండేది, అందుకని బొంగురన్న అనేవాళ్ళం. నన్ను చెల్లెమ్మా అని పిలిచేవాడు. నా అన్నవాళ్ళు లేని మనిషి. ఒకరోజు ఆ మోటారు పని మీద ఒక్కడే కిందకి దిగాడు. కరెంటు పట్టుకుంది. తొట్టిలో పడ్డాడు. ఎవరికీ తెలియలేదు. పని అయిపోయి వెళ్ళిపోయాడనుకున్నాం. మర్నాడు రాకపోతే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం. పైన మేము కబుర్లు చెప్పుకుంటూ గిన్నెలు తోముతూనే ఉన్నాం. ఆ ఎంగిలి నీళ్ళన్నీ ఆయన మీదే పడ్డాయి.

సింకులు పొంగి, నీళ్ళు కిందకి దిగకపోతే అప్పుడు వెళ్ళి చూశారు. పైకి తీసినప్పుడు మనిషి కనిపించలేదు. తెల్లటి అచ్చు. కళ్ళు, ముక్కు, చెవులు, వేళ్ళ సందులు, అన్నీ పూడుకుపోయి ఉన్నాయి. నోరు మాత్రం తెరిచి ఉంది. నిండుగా ఉంది.

ఆరోజు నుంచీ నా జపంలో చివరి నాలుగు మాటలు ఆయన కోసం. ఇంకొకటి కూడా గట్టిగా అనుకున్నాను. మా మరిదిని ఆ గదిలోకి ఒంటరిగా దిగనివ్వకూడదని.

అందుకే ఆ మధ్యాహ్నం సింకుల్లో నీళ్ళు మళ్ళీ వెనక్కి ఎగదన్నితే, చెయ్యి తుడుచుకుని టార్చి పట్టుకుని అతని వెనకే బయల్దేరాను.

"నువ్వెందుకు వదినా? అక్కడేమన్నా హారతిస్తున్నారా?" అన్నాడు మెట్ల మీద.

"నీ తలకాయ ఇస్తున్నారు. నడువు."

"సరే వస్తే వచ్చావు, ఆ చెక్క పలక మీద నించో. తడి నేల మీదకి దిగకు. నాకేమన్నా అయితే కంగారుపడి పట్టుకోకు. ముందు మెయిన్ తీయించు. తర్వాత ఎండు కర్రతో కొట్టు."

"అపశకునపు మాటలు మాట్లాడకు. నీకేమన్నా అయితే నువ్వే కేకెయ్యి."

నవ్వాడు. "కరెంటు పట్టినవాడు కేకెయ్యలేడు వదినా. దవడలు బిగుసుకుపోతాయి. కేకలన్నీ సినిమాల్లోనే."

కిందికి దిగాం. ఒక్క బల్బు, దాని మీద కూడా జిడ్డు పొర. గోడలు చెమట పట్టినట్టున్నాయి. బొద్దింకలు తొట్టి అంచు వరకూ వచ్చి, అక్కడ ఆగి, మీసాలు ఆడించి వెనక్కి పోతున్నాయి. ఆహారం అంతా లోపలుంటే అవి వెనక్కెందుకు పోతున్నాయో అప్పుడు నాకు తట్టలేదు. తొట్టి మీద కొవ్వు గడ్డకట్టి, పసుపు తెలుపు కలిసి, మధ్యమధ్య వెంట్రుకలు, గుడ్డు పెంకులు, ఎవరో చప్పరించి పారేసిన ఎముకలు. అది పొర అనడం కంటే చర్మం అంటే సరిపోతుంది.

మరిది మోటారు స్విచ్ తీశాడు. టెస్టర్ పెట్టి చూశాడు. వెలగలేదు. నాకు చూపించాడు కూడా. పొడుగు చీపురు తిరగేసి కర్రతో ఆ గడ్డని పగలగొట్టాడు. పగిలిన చోటు నుంచి ఒక ఆవిరి వచ్చింది. కుళ్ళిన మాంసం, పాత నూనె, ఇంకా ఏదో తియ్యటిది. ఆ తీపే భరించలేకపోయాను. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దేవుడి పేరు తలచుకున్నాను.

"వాంతి చేసుకుంటే తొట్టిలోకి చేసుకో వదినా, నేల పాడవుతుంది" అంటూ, చీపురు నా పక్కన గోడకి ఆనించి, మోటారుకి కట్టిన గొలుసు కోసం మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి లోపలికి పెట్టాడు. మోచేతి దాకా.

అంతే.

మాట లేదు. కేక లేదు. ఒళ్ళంతా ఒక్కసారి కర్రలా బిగుసుకుంది. మోకాళ్ళ మీద ఉన్నవాడు ఉన్నట్టే ఉండి, సన్నగా వణకడం మొదలుపెట్టాడు. జూమ్‌మని చప్పుడు. తేనెటీగల చప్పుడులాంటిది... అతని ఒంట్లోంచే వస్తోంది.

నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. ఎలా ఆపుకున్నానో నాకు తెలియదు. ఆపింది నేను కాదు.

"మేనేజరు గారూ! మెయిన్ తియ్యండి! మెయిన్!" గొంతు చించుకున్నాను.

పైన పరుగులు. ఎవరో ఏదో పడేశారు. బల్బు ఆరిపోయింది. పైన ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, అన్ని చప్పుళ్ళూ ఆగిపోయాయి.

"తీసేశాను పిన్నిగారూ!" మెట్ల పైనుంచి ఆయన గొంతు.

చీకటి. నా చేతిలో టార్చి.

జూమ్‌మనే చప్పుడు మాత్రం ఆగలేదు.

టార్చి వేశాను. మరిది అలాగే ఉన్నాడు. బిగుసుకునే ఉన్నాడు. చెయ్యి తొట్టిలోనే ఉంది. కరెంటు లేదు... మరి పట్టుకున్నది ఏమిటి?

"వదినా..."

మరిది గొంతే. సన్నగా, గుసగుసలా.

"వదినా... కరెంటు పోయిందిగా... చెయ్యివ్వు..."

ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది. అమ్మయ్య, మాట్లాడుతున్నాడు! పలక దిగి ముందుకు వంగాను. అతని భుజానికీ నా వేళ్ళకీ మధ్య ఒక్క జానెడు. టార్చి వెలుగు అతని ముఖం మీద పడింది.

పళ్ళు గిట్టకరుచుకుని ఉన్నాయి. దవడ ఎముకలు బయటికి పొడుచుకొచ్చాయి. పెదాలు నల్లబడ్డాయి. కళ్ళు నావైపే చూస్తున్నాయి. ఆ కళ్ళు వద్దంటున్నాయి.

"చెయ్యివ్వు వదినా..."

పెదాలు కదల్లేదు.

టార్చి కిందకి దించాను. తొట్టిలో, అతని మోచెయ్యి దిగిన చోట, కొవ్వు కదులుతోంది. ఒక్కో మాటకీ ఒక్కో బుడగ. ఉబ్బుతోంది... పగులుతోంది... పగిలినప్పుడల్లా ఆ తియ్యటి కంపు.

"చెయ్యివ్వు..."

బుడగ.

"చెయ్యివ్వు..."

బుడగ. ఇక ఆ గొంతు మరిదిది కాకుండా పోయింది. బొంగురుపోయింది.

"చెల్లెమ్మా..."

దేవుడి పేరు ఎంత గట్టిగా అరిచానో, పైన మేనేజరు గారు కింద ఇంకెవరో ఉన్నారనుకున్నారట. వెనక్కి తగ్గి పలక ఎక్కాను. చీపురు అందుకున్నాను. జిడ్డంటిన వైపు ముందుకు తిప్పి, ఎండు వైపు కొంగుతో పట్టుకుని, అతని మణికట్టు ఎక్కడుంటుందో అక్కడ కొట్టాను. మెత్తగా తగిలింది. ఎముక తగలాల్సిన చోట మెత్తగా తగిలింది. ఒకదాని మీద ఇంకోటి వేళ్ళు ముడిపడి ఉన్నట్టు. మళ్ళీ కొట్టాను. కర్రని వాటి సందులోకి దూర్చి, స్వామీ అని బలమంతా పెట్టి పెకలించాను.

బురదలోంచి కాలు ఊడినప్పుడు వచ్చే చప్పుడొచ్చింది.

మరిది వెనక్కి పడ్డాడు. నా చేతిలో చీపురు మాత్రం ఆగలేదు. లోపల్నుంచి లాగుతున్నారు. తొందరేం లేనట్టు, మెల్లగా. వదిలేశాను. కర్రంతా లోపలికి పోయింది, పుల్లలతో సహా. మీద కొవ్వు మూసుకుంది. జూమ్‌మనే చప్పుడు ఆగింది.

మరిదిని చంకల కింద పట్టుకుని గోడవారకి ఈడ్చాను. ఛాతీ మీద చెయ్యి పెట్టాను. కదలడం లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి లేదు. వాళ్ళావిడకి, అంటే మా తోడికోడలికి, నెలలు నిండుతున్నాయి. ఏ ముఖం పెట్టుకుని ఇంటికి పోను?

ఊపిరి ఊదాలి. దవడ బలవంతంగా విడదీశాను.

నోరు నిండా కొవ్వు.

ఒట్టేసి చెబుతున్నాను, అతని ముఖం ఆ తొట్టిని తాకలేదు. నేను చూస్తూనే ఉన్నాను. అయినా నోరు నిండా, నాలిక కనపడనంతగా, తెల్లగా, చల్లగా గడ్డకట్టి ఉంది. రెండు వేళ్ళు పెట్టి తోడాను. నేల మీద విదిలిస్తే అంటుకుపోయింది. మళ్ళీ తోడాను. వెంట్రుకలొచ్చాయి. నెరిసిన వెంట్రుకలు. మా మరిది తల నల్లగా నిగనిగలాడుతుంది. గొంతులో వేలు అందినంత వరకూ తోడి, కళ్ళు మూసుకుని, నా నోరు అతని నోటికి ఆనించి ఊదాను.

ఆ రుచి... వద్దులెండి.

పక్కకి తిరిగి కక్కుకున్నాను. నోరు తుడుచుకుని మళ్ళీ ఊదాను. ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కాను. మళ్ళీ ఊదాను. మధ్యలో దేవుడితో పోట్లాడాను కూడా, అబద్ధమెందుకు.

మేనేజరు గారు ముక్కు మూసుకుని మెట్ల మీద నిలబడి, "బతికాడా పిన్నిగారూ?" అన్నారు.

"నిలబడి అడిగితే బతుకుతాడా? అంబులెన్స్ పిలవండి! లేకపోతే మీరొచ్చి ఊదండి!"

ఆయన ఫోనుతో పైకి పరిగెత్తారు. నేను నొక్కుతూనే ఉన్నాను. చేతులు పడిపోతాయనిపించింది. అప్పుడు మరిది గొంతులో గరగరమని చప్పుడొచ్చింది. ఒళ్ళు ఎగిరిపడింది. దగ్గాడు. ఊపిరి తీశాడు.

నేను కూలబడి ఏడ్చాను. దేవుడు నా మొర విన్నాడు. ఆ మాట మీద నాకు ఇప్పటికీ అనుమానం లేదు.

ఆసుపత్రిలో అరచేతి గాయానికి కట్టు కట్టి, గుండె బాగానే కొట్టుకుంటోందని కొన్నాళ్ళు ఉంచుకుని పంపించేశారు. క్యాంటీన్‌లో ఆ తొట్టి పూడ్చేసి, బయట ఎండలో కొత్తది కట్టారు. పూడ్చే ముందు తోడించారు కూడా. నీళ్ళు, మోటారు, గొలుసు. చీపురు లేదు. మనిషన్నవాడి ఆనవాలూ లేదు. మరిది మళ్ళీ పనిలోకి వెళ్తున్నాడు, మళ్ళీ వేళాకోళాలు. బిడ్డ పుట్టింది, ఆడపిల్ల. "వదిన ఊది బతికించింది, ఇంకా నోరు వాసనే" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తున్నాడు.

మొన్న మా తోడికోడలు బట్టల మూటతో మా ఇంటికొచ్చింది. పిల్లని నా ఒళ్ళో పడుకోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, మూటలోంచి ఒక దిండు గలీబు తీసింది.

"అక్కా, దీన్ని దేనితో ఉతకాలో చెప్పు. నువ్వు జిడ్డు గిన్నెలు తోమే దానివి కదా."

గలీబు మధ్యలో, నోరు ఆనే చోట, అరచేతంత మచ్చ. తెల్లగా గట్టిపడి ఉంది. గోటితో గీరితే ముద్దగా వచ్చింది.

"రోజూ తెల్లారేసరికి ఇలాగే ఉంటోంది. ఆయనకి చెబితే చొంగ అంటారు" అంది. గొంతు తగ్గించింది. "అక్కా... ఇది ఆయన దిండు కాదు. నాది."

వేడినీళ్ళు కాచి, సోడా వేసి నానబెట్టమన్నాను. పోయేటప్పుడు ఆమె గుమ్మంలో ఆగి, నా మంచం వైపు చూసి, నీ గలీబు కూడా ఇవ్వక్కా, ఒకేసారి ఉతికేస్తాను అంది.

వద్దన్నాను.

నాది నేనే ఉతుక్కుంటున్నాను. తెల్లవారకముందే లేచి, మా ఆయన చూడకుండా.

ఇదిగో, ఇప్పుడు కూడా పిల్ల నా ఒళ్ళోనే నిద్రపోతోంది. పాలవాసన రావాలి కదండీ, పసిపిల్ల దగ్గర...