మిచిగన్ సంగతి చెప్పిందెవరు?

తమ్ముడి పికప్ గేటు దాటకముందే లైల్ ట్రాక్టరును తెచ్చి దారికి అడ్డంగా నిలిపేశాడు. ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని మంచులోకి దూకాడు.

"బండి కదలదు డ్వేన్. మిచిగన్ సంగతి కోర్టు వాళ్లకి ఊదిందెవరో తేలేదాకా ఇక్కణ్ణుంచి ఏదీ కదలదు."

పికప్ వెనక సీట్లో, పాత దుప్పట్లలో చుట్టి, లైల్ ఇంట్లో ఉన్న తుపాకులన్నీ ఉన్నాయి. అన్నిటికన్నా పైన పోయిన తండ్రి రైఫిల్ ఉంది. మర్నాడే జింకల వేట మొదలు. విస్కాన్సిన్‌లో ఆ రోజు పెళ్లిళ్లు కూడా పెట్టుకోరు. కానీ ఇవాళ ఉదయం పదకొండింటికి, శిక్ష పడ్డవాళ్లని కనిపెట్టుకుని ఉండే ప్రొబేషన్ ఆఫీసరు లైల్ ఇల్లు చూడడానికి వస్తోంది. ఆ వాకిట్లో ఒక్క తుపాకీ కనబడినా లైల్‌కి ఏళ్ల తరబడి జైలే. తాగి బండి నడిపిన కేసులో నాలుగోసారి శిక్ష పడ్డవాడు తుపాకీ దగ్గర ఉంచుకోకూడదు. ఈ జన్మకి అంతే.

డ్వేన్ అద్దం దించాడు. "అన్నా, టైం చూశావా? ఆవిడ వచ్చేస్తుంది."

"రానీ. తుపాకులు నాకు ఇవ్వడానికే తెచ్చావని చెప్తా. నాలాంటివాడికి తుపాకీ ఇవ్వడం కూడా నేరమే, మా వకీలు చెప్పాడు. నాకు లేని అడవి నీకూ ఉండదు."

"నీకు పిచ్చి గానీ పట్టిందా? నిన్ను కాపాడదామని తెల్లారకముందే లేచి వచ్చాను నేను."

"కాపాడ్డానికా, నాన్న రైఫిల్ కోసమా?"

లైల్ వసంతకాలం నుంచి తమ్ముడి మీద పగతోనే నిద్ర లేస్తున్నాడు. ఆ ప్రాంతంలో తాగి నడుపుతూ మొదటిసారి దొరికితే అది నేరం కిందకే రాదు, జరిమానా చీటీ అంతే. దాన్ని లెక్కలో వేసుకునే మగాడు చుట్టుపక్కల లేడు. జలుబు చేసి తగ్గినట్టు చెప్పుకుని నవ్వుకుంటారు. లైల్ కూడా అలాగే, కుర్రతనంలో పక్క రాష్ట్రం మిచిగన్‌లో చేపలు పట్టడానికి పోయి దొరికిన కేసును మర్చిపోయాడు. అది ఇక్కడి రికార్డుల్లోకి ఎక్కలేదు కూడా. ఈ వసంతంలో దొరికినప్పుడు మూడోసారి అనే కేసు రాశారు. మూడయితే కొన్నాళ్ల జైలు, అంతే. తుపాకులు మిగులుతాయి. వేట మిగులుతుంది. ఇంతలో ఒకరోజు ప్రాసిక్యూటరు మిచిగన్ కాగితం బల్ల మీద పెట్టాడు. మూడు నాలుగయింది.

ఎవరో చెప్పకపోతే అది బయటపడేది కాదు. మిచిగన్ వెళ్లింది అన్నదమ్ములిద్దరూ, విడిపించి తెచ్చింది తండ్రి. తండ్రి పోయాడు. ఇక మిగిలింది ఎవరో లైల్‌కి లెక్క కట్టి చెప్పక్కర్లేదు. పోయిన వారం అతను రంపం పట్టుకుని అడవిలోకి వెళ్లి, డ్వేన్ వేట మంచెను కాళ్లు కోసి పడగొట్టి వచ్చాడు.

"మంచె కోసింది నువ్వేనని నాకు తెలుసు," అన్నాడు డ్వేన్. "తెలిసీ వచ్చాను. మిచిగన్ గురించి నేను మా ఆవిడకి కూడా చెప్పలేదు అన్నా."

"అబద్ధం."

వంటింటి తలుపు తోసుకుని లైల్ భార్య జోలీన్ పరుగెత్తుకొచ్చింది. కాళ్లకి ఇంట్లో వేసుకునే చెప్పులే ఉన్నాయి. "లైల్, తాళం ఇలా ఇవ్వు. నువ్వు లోపలికి పోతే పాలు ఎవరు పితుకుతారు? నేనా, కుంటుకుంటూ నీ కూతురా?"

"నువ్వు లోపలికి పో."

"పోను. నీ పగ తీర్చుకోవడానికి మా కొంప ముంచుతావా? డ్వేన్, నువ్వయినా చెప్పు."

"నా మాట ఎక్కడ వింటున్నాడు వదినా?"

లైల్ పికప్ వెనక తలుపు లాగాడు. దుప్పటి జరిగి రైఫిల్ మడమ బయటపడింది. తండ్రి చెయ్యి పడీపడీ నునుపెక్కిన వాల్‌నట్ కర్ర. లైల్ చెయ్యి దాని మీదికి సాగింది. డ్వేన్ గభాలున దిగి అన్న మణికట్టు పట్టుకున్నాడు.

"ముట్టుకోకు. అది పట్టుకున్నప్పుడు ఆవిడ కారు మలుపు తిరిగిందంటే నీ పని అయిపోయినట్టే."

"అయితే పేరు చెప్పు. లేకపోతే ఇప్పుడే దీన్ని తీసుకుని రోడ్డు మీదికి పోతా. అందరూ చూస్తారు."

"లైల్."

ఆ గొంతు మెట్ల మీద నుంచి వచ్చింది. వాళ్ల అమ్మ ఆర్డిస్, వేటగాళ్ల కోసం డోనట్లు వేయిస్తున్నదల్లా, పిండి చేతులతోనే వచ్చి నిలబడింది. ఆమె పక్కన కమ్మీ పట్టుకుని మనవరాలు బ్రెన్నా. వసంతం ముందు ఆ పిల్ల స్కూలు బాస్కెట్‌బాల్ జట్టులో ఆడేది.

"ముందు చెయ్యి తియ్యి. ట్రాక్టరు పక్కకి లాగు. వాణ్ణి పోనీ. తర్వాత పేరు నేను చెప్తా."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"అయితే ఇప్పుడే చెప్పమ్మా."

"నా ముందు బేరాలాడకు. తుపాకులు గేటు దాటాకే చెప్తా. లేదంటే నాతోపాటే మట్టిలో కలిసిపోతుంది."

ఆర్డిస్ ఒకసారి అన్నదంటే అంతే. ఇది ఆ ఇంట్లో చిన్నప్పటి నుంచీ అందరికీ తెలుసు. లైల్ పళ్లు కొరుకుతూ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ట్రాక్టరు ఎక్కి దాన్ని పశువుల కొట్టం వైపు తిప్పాడు. డ్వేన్ వదినకేసి ఒకసారి చూసి, బండి ఎక్కి వెళ్లిపోయాడు. పైన్ చెట్ల వెనక బండి ఎర్ర దీపాలు కనుమరుగయ్యాయి.

లైల్ మెట్ల కిందికి వచ్చి నిలబడ్డాడు. "చెప్పు. వాడేనా?"

"వాడు కాదు. వాడికి అంత ధైర్యం లేదు."

"జోలీనా?"

"నాకు మిచిగన్ సంగతే తెలీదు," అంది జోలీన్. "తెలిసుంటే పెళ్లిలోనే అడిగేదాన్ని."

ఆర్డిస్ ఏప్రనుకి చేతులు తుడుచుకుంది. "మీ నాన్న నిన్ను అక్కణ్ణుంచి తెచ్చిన రాత్రే నాకు చెప్పాడు. బండి చెడిపోయిందని నువ్వు చెప్పిన కథ నమ్మినట్టు నటించాను. కుర్రాడు, నేర్చుకుంటాడులే అనుకున్నా. నేర్చుకోలేదు. అయినా నోరు మూసుకునే ఉన్నా. ఆ శుక్రవారం దాకా."

లైల్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"చేపల విందులో తాగి, ఆ వాసనతోనే వెళ్లి ఈ పిల్లని ప్రాక్టీసు నుంచి ఎక్కించుకున్నావు. బండిని కాలవలో పడేశావు. జింక అడ్డొచ్చిందన్నావు. సరే, ఈ ఊళ్లో తాగినవాళ్లందరికీ జింకే అడ్డొస్తుంది. దానికి కూడా నేనేం అనలేదు. ఆస్పత్రిలో దాని తొడలో రాడ్ వేస్తున్నారు. నేను కాఫీ తెచ్చి నీ వెనక నిలబడ్డా. నువ్వు ఫోన్లో నీ దోస్తుతో మాట్లాడుతున్నావు. గుర్తుందా ఏమన్నావో?"

"అమ్మా, వద్దు."

"'వీళ్ల లెక్కలో ఇది మూడోదే. మిచిగన్ సంగతి వాళ్లకి తెలీదు. ఈసారి కూడా వేటకి వస్తున్నా' అన్నావు. నవ్వావు. లోపల పిల్ల ఉందిరా. నువ్వు నవ్వావు."

జోలీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేనే వెళ్లాను," అంది ఆర్డిస్. "సోమవారం చర్చి బట్టలు వేసుకుని వెళ్లి ప్రాసిక్యూటరు ఎదురుగా కూర్చున్నా. ఊరు, ఏడాది, కోర్టు అన్నీ చెప్పి వచ్చా. నీ లైసెన్సు తీసుకున్నా నీకు లెక్క లేదు. జైలన్నా లెక్క లేదు. నీకు ప్రాణం ఏదో నాకు తెలుసు, నేనే కదా నేర్పింది. అదే తీసుకున్నా. రేపు తెల్లారి అందరూ అడవికి పోతారు. నువ్వు ఈ కిటికీ దగ్గర కూర్చుని తుపాకుల చప్పుడు విను. ప్రతి ఏడూ విను."

"నీ కన్నకొడుకునమ్మా నేను." అన్నాడు లైల్. "నీ చేతుల్తో నాకింత పని చేస్తావా?"

"నిన్ను కన్నాను కాబట్టే ఇంతకాలం ఆగా."

ఎక్కడో దూరంగా రోడ్డు మీద కారు చప్పుడు వినబడింది. లైల్ మంచులో మోకాళ్ల మీద కూలబడ్డాడు. వసంతం నుంచి మోసిన పగ ఎవరి మీద వెయ్యాలో తెలియక, చేతులు గాలిలో అలాగే ఉండిపోయాయి. డ్వేన్ మీద పనికిరాలేదు. అమ్మ మీదికి పోవడానికి నోరు రాలేదు.

బ్రెన్నా ఒక్కో మెట్టూ కాలు ఈడ్చుకుంటూ దిగి వచ్చింది. అతను లేచి పట్టుకోబోతే చెయ్యి అడ్డంపెట్టి ఆపింది.

"నువ్వు ఇన్నాళ్లూ మిచిగన్ సంగతి చెప్పిందెవరో వెతికావు నాన్నా," అంది. "నన్ను ఇలా చేసిందెవరో ఒక్కసారి కూడా వెతకలేదు."

అతను తల దించుకున్నాడు.

"నా మొహం చూసి చెప్పు. జింక అనకు."

ఆఫీసరు కారు గేటులోకి తిరిగింది. ఆర్డిస్ గానీ జోలీన్ గానీ అటు చూడలేదు. లైల్ తల ఎత్తి కూతురి కళ్లలోకి చూశాడు. కన్నీళ్లు గడ్డంలోకి జారుతున్నా తుడుచుకోలేదు.

"నేనే తల్లీ," అన్నాడు. "నేనే చేశాను."