అయిదో గిన్నె

"పద్దెనిమిదేళ్ళు పెంట ఎత్తి పోసినందుకు డైరెక్టరమ్మ నాకిచ్చిన బిరుదు దొంగ," అన్నాడు వచ్చినాయన, కుర్చీ అంచున కూర్చుని. "రేపు సాయంత్రానికి గది ఖాళీ చెయ్యమంది సార్. ఆ గది తప్ప నాకింకో కొంప లేదు."

డిటెక్టివ్ తల పంకించాడు. ఎండాకాలంలో కూడా గళ్ళకోటు విప్పడు కాబట్టి ఆయన్ని అందరూ గళ్ళకోటు అనే అంటారు. ఆయన సహాయకుడు ఒకప్పుడు బస్సు కండక్టరు. ఆ ఉద్యోగం ఊడి పన్నెండేళ్ళయినా లెక్కపెట్టే జబ్బు వదల్లేదు. ఎక్కడికెళ్ళినా ముందు తలలు లెక్కపెడతాడు. తన ఇంట్లో మాత్రం ఆ లెక్క ఒకటి దగ్గరే ఆగిపోతుంది.

"ఏం పోయింది?" అడిగాడు గళ్ళకోటు.

"గుడ్లగూబ."

వచ్చినాయన వన్యప్రాణి విద్యాకేంద్రంలో మేత పెట్టే మనిషి. దెబ్బతిని దొరికిన జంతువుల్లో ఇక అడవికి పోలేనివి అక్కడే ఉంటాయి. వాటిని బళ్ళకు తీసుకెళ్ళి పిల్లలకు అడవి గురించి చెబుతారు. గేటు మీద 'అడవి రాయబారులు' అని బోర్డు. ఉన్నవి అయిదు: మూడుకాళ్ళ నక్క, ఒంటికన్ను గద్ద, తోక తెగిన ఉడుము, పెంకు పగిలిన తాబేలు, ఒక రెక్క లేని గుడ్లగూబ. గుడ్లగూబను ఈ శనివారం వేరే కేంద్రానికి పంపాల్సి ఉంది.

"సోమవారం సాయంత్రం మా చెల్లెలింటికెళ్ళా. మంగళవారం పొద్దున వచ్చి చూస్తే గూడు ఖాళీ, తాళం వేసింది వేసినట్టే ఉంది. దాన్ని పంపడం ఇష్టం లేక నేనే చెల్లెలింట్లో దాచానంటుంది డైరెక్టరమ్మ. మా చెల్లెలు పిల్లిని చూస్తేనే మంచమెక్కుతుంది సార్."

"తాళంచెవులు ఎన్ని?"

"మూడు. నాదొకటి, డాక్టరుగారిదొకటి, కథలక్కదొకటి."

కథలక్క అంటే గుడ్లగూబను చేతిమీద పెట్టుకుని తొమ్మిదేళ్ళుగా బడిబడికీ తిరిగిన మనిషి.

ఆ గురువారం మధ్యాహ్నమే ముగ్గురూ కేంద్రానికి వెళ్ళారు. గేటు దగ్గర డాక్టరు కారులో గాలిరంధ్రాల పెట్టె కనిపించగానే కండక్టరు గళ్ళకోటు మోచెయ్యి గిల్లాడు.

"అందులో ఏముంది డాక్టరుగారూ?"

"విరిగిన కాలు. దానికి అంటుకుని ఒక కొంగ," అన్నాడు డాక్టరు విసుగ్గా. "సోమవారం నేనసలు ఇటే రాలేదు." పెట్టెలో కొంగే ఉంది.

వంటగదిలో మేతమనిషి తన పని వివరించాడు. గడ్డకట్టిన ఎలుకల్ని ముందురోజు సాయంత్రమే మంచుపెట్టెలోంచి తీసి, గిన్నెల్లో వేసి, పళ్ళెంలో సర్ది, ఫ్రిజ్ కింది అరలో పెడతాడు. తెల్లారేసరికి కరుగుతాయి. నాలుగు గిన్నెల్లో రెండేసి ఎలుకలు, తాబేలు గిన్నెలో ఆకులు.

"కరిగినవి మిగిలితే?"

"పారెయ్యడమే. మళ్ళీ గడ్డకట్టించకూడదు. ఒక్కటి పారేసినా కథలక్క మూడు రోజులు సణుగుతుంది."

"సోమవారం పళ్ళెం ఎవరు పెట్టారు?"

"అక్కే. చెల్లెల్ని చూసి ఎన్నాళ్ళయింది తమ్ముడూ, వెళ్ళిరా, పళ్ళెం నేను పెడతాలే అంది. మంచి మనిషి సార్."

"పొద్దున గుడ్లగూబ గిన్నెలో ఏముంది?"

"ఏమీ లేదు. దొంగ మేత కూడా పట్టుకుపోయాడంది డైరెక్టరమ్మ."

గళ్ళకోటు గోడకు వేలాడుతున్న నోటుపుస్తకాన్ని కండక్టరుకు అందించాడు. రోజూ పొద్దున్నే మంచుపెట్టెలో మిగిలిన ఎలుకలెన్నో, ఏ జంతువు ఎంత తూగిందో మేతమనిషి అందులో రాస్తాడు. సోమవారం అరవై నాలుగు. మంగళవారం యాభై ఎనిమిది. కండక్టరు రెండుసార్లు లెక్క చూశాడు.

"ఎనిమిది దిగాలి సార్. ఆరే దిగాయి."

"శభాష్," అన్నాడు గళ్ళకోటు. అంత మెచ్చుకోలు కండక్టరుకు పదిరోజులు సరిపోతుంది.

సాయంత్రం అందరినీ పాఠాల గదిలోకి రమ్మన్నారు. అక్కడున్నవన్నీ పిల్లల కుర్చీలు. మోకాళ్ళు గడ్డాలకు తగిలేలా కూర్చున్నారు డైరెక్టరమ్మ, డాక్టరు, మేతమనిషి. మెడకు గుడ్డ చుట్టుకున్న కథలక్క చివర కూర్చుంది. గొంతు ఆపరేషన్ అయ్యాక ఆమెకు గుసగుసే మిగిలింది.

"దొంగ మేత పట్టుకుపోలేదు," అన్నాడు గళ్ళకోటు. "గుడ్లగూబ వాటా ఎలుకలు మంచుపెట్టెలోంచి బయటికే రాలేదు. సోమవారం సాయంత్రం పళ్ళెం సర్దినవాళ్ళకు, పొద్దున ఆ గిన్నె దగ్గరికి వచ్చే నోరు లేదని అప్పటికే తెలుసు. మేతమనిషిని చెల్లెలింటికి పంపిందీ వాళ్ళే. రెండు ఎలుకలు కరిగించి వదిలేస్తే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. కానీ మేత పారెయ్యడానికి చెయ్యి రాలేదు. పోనీ ఇంటికైనా తీసుకెళ్ళాల్సింది కదమ్మా?"

"కేంద్రం సొత్తు నేను ముట్టను," అంది కథలక్క.

"మరి గుడ్లగూబ?" అంది డైరెక్టరమ్మ.

"అది సొత్తా?"

కథలక్కే మళ్ళీ అంది, ఒక్కో మాటా కూడగట్టుకుంటూ. "నాకు గొంతు పోయింది, దానికి బడి పోయింది. ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళు లేరు. నేనూ మాట్లాడలేను. అది ఎలాగూ మాట్లాడదు. ఇద్దరికీ సరిపోతుందనుకున్నా. నింద తమ్ముడి మీద పడ్డాక రోజూ పొద్దున చెబుదామని బయల్దేరి, గడప దాకా వచ్చి వెనక్కెళ్ళా."

మేతమనిషి లేచాడు. తిడతాడనుకున్నాడు కండక్టరు.

"ఏం తింటోందక్కా?"

"కోడిమాంసం ముక్కలు కోసి పెట్టా. ముట్టలేదు."

"బొచ్చూ ఎముకా లేకుండా ఎట్లా తింటుంది? పిల్లలకి తొమ్మిదేళ్ళు ఆ మాట చెప్పింది నువ్వే గదా."

ఆమె తల వంచుకుంది.

డైరెక్టరమ్మ మేతమనిషి వైపు చూడకుండానే, "గది ఖాళీ చెయ్యక్కర్లేదు," అంది. కథలక్కను మాత్రం తాళంచెవి బల్లమీద పెట్టమంది. ఆమె పెట్టింది. తర్వాత డాక్టరు కారులో ఆమె ఇంటికెళ్ళి గుడ్లగూబను బుట్టలో తెచ్చారు. అది కళ్ళు సగం మూసుకుని ఉంది.

"తగ్గిన బరువంతా తిరిగొచ్చేదాకా దీన్ని ఎక్కడికీ పంపనివ్వను," అన్నాడు డాక్టరు.

కథలక్క తల ఎత్తింది. "ఎంత తగ్గింది?"

మేతమనిషి గుడ్లగూబను త్రాసు మీద నిలబెట్టాడు. అతను దాన్ని పట్టుకుని ఉంటే నోటుపుస్తకం కండక్టరు తీసుకున్నాడు. సోమవారం నాలుగువందల ఎనభై అని ఉంది. దానికింద నాలుగువందల నలభై ఒకటి అని రాసి, తీసివేత చేసి, అందరికీ వినబడేలా చదివాడు. ముప్పై తొమ్మిది గ్రాములు.